పొగకాటా

నాకు నోరెక్కువని మా ప్రయోగశాలలో అటెండరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ అంటారు. నిజమే. కానీ ఆ నోరు తెరవాల్సిన ఒక్కరోజున తెరవలేదు. సంతకం పెట్టి ఊరుకున్నాను. దానివల్ల మా బావ దొంగయ్యాడు.

మా బావ పేరు సూరప్పడు. అనకాపల్లి అవతల కొండుపాలెంలో ఆయనకి గానుగ ఉంది. చెరకు ఆడించి, రసం పెద్ద పెనంలో కాచి, బెల్లం దిమ్మలు పోస్తాడు. మా అప్ప పైడమ్మని, అంటే మా అక్కని, చేసుకున్నాడు. అప్ప పోయి పదేళ్ళయింది. వాళ్ళకి పిల్లల్లేరు. నేను పెళ్ళే చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళందరితోనూ దెబ్బలాడి, ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేకుండా చేసుకున్నాను. ప్రయోగశాల వెనక రెండు గదుల క్వార్టరు నాది. ఆదివారం వస్తే బస్సెక్కి బావ పాకకి వెళ్ళడం, వేడి బెల్లం తినడం, ఆయన చేత నాలుగు అనిపించుకుని నేను ఎనిమిది అనడం, సాయంత్రం బస్సుకి తిరిగి రావడం. నాకు ఇల్లంటూ ఉంటే ఆ పాకే.

ఇక పొగకాటా సంగతి. బెల్లం మనమూ చేస్తాం, భూమికి అటువైపున కొలంబియా వాళ్ళూ చేస్తారు. వాళ్ళు దాన్ని పనేలా అంటారు, రుచి చూస్తే మన బెల్లమే. కొనేవాళ్ళు ఇప్పుడు తీపి గురించి అడగడం మానేశారు. దీన్ని వండడానికి గాలిలోకి ఎంత పొగ వదిలారు, అది చెప్పండి అంటున్నారు. రెండు దేశాల్లో ఎవరి వంట ఎంత పొగదో పోల్చి తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ కొలంబియాలోనే ఒకే రకం యంత్రాలు రెండు చేయించి, ఒకటి అక్కడా ఒకటి మా దగ్గరా పెట్టింది. దాని అసలు పేరు ఒక్క ఊపిరిలో పలకలేం. మా అటెండరు అప్పన్న దాన్ని పొగకాటా అన్నాడు. అదే నిలిచిపోయింది.

ఆ యంత్రాన్ని చూసి నేను మొదట్లో మురిసిపోయానంటే అబద్ధం కాదు. పాకం గట్టిపడేటప్పుడు దిమ్మ లోపల నూకగింజ కన్నా చిన్న బుడగలు ఉండిపోతాయి. ఆ సమయానికి పాకలో ఏ గాలి ఉంటే ఆ గాలి వాటిలో చిక్కుకుపోతుంది. దిమ్మని యంత్రంలో పెట్టి మూత బిగించి పొడి చేస్తే ఆ గాలి బయటికొస్తుంది. పొగకాటా దాన్ని తూచి, అందులోని కర్బనం ఎక్కడిదో చెబుతుంది. చెరకు కర్బనం ఒక పిసరు బరువు. రాతిబొగ్గు, డీజిలు, టైర్లు, వీటి కర్బనం ఒక పిసరు తేలిక. చెరకు పిప్పి కాల్చుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, ఆ పొగని వచ్చే ఏడు చెరకే తాగేస్తుంది. తేలిక కర్బనం కనబడితే మాత్రం పొయ్యిలో వెయ్యకూడనిది వేశారన్నమాటే. నలభై పాయింట్లు దాటితే ఆ పాకకి సీలు. కమిటీ రాసిచ్చిన నిబంధన అది.

ఫిబ్రవరిలో బావ పాక నుంచి నమూనా తేవడానికి నేనే వెళ్ళాను. ఇంకెవరైనా వెళ్తే మర్యాదగా ఉండదని నేనే పట్టుబట్టాను. నా ఖర్మ.

మా వైపు గానుగ పాకల్లో ఒక పద్ధతి ఉంది. పాకం దించే వేళకి గుమ్మంలోకి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, చేతిలో వేడి బెల్లం పెట్టకుండా పంపకూడదు. తిన్నవాళ్ళు దిమ్మ ఆరేదాకా పాకలోనే కూర్చోవాలి. మధ్యలో లేచి వెళ్ళిపోతే దిమ్మ చెమ్మగిల్లుతుందని నమ్మకం. అందుకని పాకం వేళకి పాక ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. నేను పెట్టె పట్టుకుని దిగానని తెలిసి ఆరోజు ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది.

"ఏటే రత్నం, మా బెల్లానికి జొరమొచ్చిందా, పెట్టెట్టుకుని ఒచ్చినావు?" అని బావ వెక్కిరించాడు.

"బెల్లానికి కాదు, నీకే. నోరు ముయ్యి, చూస్తాను" అన్నాను.

అందరూ నవ్వారు. బావ తామరాకు ముక్కలో వేడి బెల్లం పెట్టి అందరికంటే ముందు నాకే ఇచ్చాడు. నాలుక కాలింది. అదే పాకంలోంచి పోసిన దిమ్మ ఒకటి ఆరాక పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు పొగకాటా చూపించిన అంకె నూట ముప్పై ఏడు.

నేను మళ్ళీ తూచాను. మళ్ళీ నూట ముప్పై ఏడు. చుట్టుపక్కల గానుగలన్నీ అరవై, డెబ్భై, తొంభై. కొలంబియా కాలమ్‌లో వరసగా ఒకటి, ఒకటి, ఒకటి. రెండు దేశాల అంకెలూ పక్కపక్కన వేసిన ఆ కాగితం చూస్తే మనవాళ్ళంతా దొంగలు, మా బావ ఆ దొంగలకి నాయకుడు. ఫోన్ చేసి ఆయన్ని అడగొచ్చు. అడిగితే తిడతాడేమోనని అడగలేదు. చుట్టరికం చూసి దాచిందంటారేమోనన్న భయం ఒకవైపు, యంత్రం మీద నమ్మకం ఒకవైపు. కింద సంతకం పెట్టేశాను.

సీలు వేయడానికి వచ్చినవాళ్ళతో నేనూ వెళ్ళాను. బావ పొయ్యి వెనక్కి వెళ్ళి గుప్పెడు బూడిద తెచ్చి నా ముందు పెట్టాడు.

"సూడు. నా పొయ్యిలో పిప్పి తప్ప ఇంకోటి ఎయ్యనేదు. నువ్వీ పాకలో పెరిగినదానివి, నీకు తెల్దేటి?"

"యంత్రం అబద్ధం చెప్పదు బావా" అన్నాను.

ఆయన ఆ బూడిద మెల్లగా కింద పోసి చేతులు దులుపుకున్నాడు. "అయితే నాను సెప్తన్నానన్నమాట" అన్నాడు. అంతే. ఇంక నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆదివారాలు నాకేం చేయాలో తోచలేదు. రెండు వారాలు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడో ఆదివారం వెళ్ళడం కూడా మానేసి, ప్రయోగశాలలో పొగకాటా పక్కనే కూర్చున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైతే తిట్టడానికి మనిషి లేడు, నేనే వండుకున్నది నేనే తిట్టుకుంటూ తినేదాన్ని. కొండుపాలెంలో బావని టైర్ల సూరప్పడంటున్నారని అప్పన్న చెప్పాడు. చేతిలో బెల్లం పెట్టించుకుని తిన్నవాళ్ళే అంటున్నారట. వాళ్ళని ఏమనను, వాళ్ళకా మాట అందించింది నేనే.

ఆ రోజుల్లో నాతో రోజూ మాట్లాడిన మనిషి ఒక్కతే, మార్సేలా. కొలంబియాలో రెండో పొగకాటాని చూసుకునేది ఆవిడే. ఒకరి అంకెలు ఒకరు సరిచూసి సరే అనాలన్నది నిబంధన. అందుకని తెర మీద ఆవిడ తన భాషలో రాస్తే నాకు తెలుగులో వచ్చేది, నేను రాసింది ఆవిడకి అలాగే వెళ్ళేది. అక్కడ చెరకు ఆడడం, కాచడం, పోయడం అన్నీ యంత్రాలే. దిమ్మలు ఆరే గదిలో గాజు బల్ల ముందు ఆవిడ ఒక్కతే కూర్చుంటుంది. భర్త ఎక్కడో ఓడ మీద పని చేస్తాడు. మొదట్లో మేం అంకెలు తప్ప రాసుకునేవాళ్ళం కాదు. తర్వాత వాన పడిందా, ఏం వండావు అని ఒక్కో మాట మొదలైంది.

"మీ పాకం గదిలో ఎంతమంది ఉంటారు?" అని ఒకరోజు అడిగింది.

"లెక్కపెట్టలేదు. కాలు పెట్టడానికి చోటుండదు" అని రాశాను.

"నీ అదృష్టం" అని జవాబు వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పాకకి వెళ్ళడానికి లేకుండా పోయినదాన్ని పట్టుకుని అదృష్టమంటుందేమిటి! ఆవిడకేం తెలుసు పాపం. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే ముందు పలకరించాను. ఎవరితో అలిగినా చెల్లే రోజులు కావు అవి.

ఏప్రిల్ మొదటి వారంలో ఆవిడ అంకెలు మారాయి. ఎప్పుడూ ఒకటి ఉండేది, వరసగా ఎనిమిది రోజులు అయిదు వచ్చింది. తొమ్మిదో రోజు మళ్ళీ ఒకటి. నేను సరిచూడాలి కదా, ఏమైందని అడిగాను.

"నన్ను కూడా దొంగని చేసింది ఈ కాటా," అని రాసింది. "బొగ్గు ఏమైనా కాల్చావా అని మా మేనేజరు అరిచాడు. నేనేం కాలుస్తాను? నాకే ఒంట్లో బాగాలేదు. కడుపులో పుండు. డాక్టరు మొక్కజొన్న రొట్టెలు మానమన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి మూడు పూటలూ అవే తిన్నదాన్ని. ఎనిమిది రోజులు ఒట్టి అన్నం, గంజి. అన్నం తిని ఎలా బతుకుతారు మీరు?"

నేను నవ్వుకుంటూ చదువుతున్నదాన్ని ఆగిపోయాను. ఎనిమిది రోజులు అన్నం. ఎనిమిది రోజులు అయిదు.

మొక్కజొన్న కూడా చెరకు జాతి మొక్కే. దాని కర్బనం కూడా చెరకులాగే బరువు. వరి అలా కాదు. వరి కర్బనం తేలిక, రాతిబొగ్గు కర్బనం ఎంత తేలికో ఇంచుమించు అంతే తేలిక. తిన్నదే ఊపిరిగా బయటికొస్తుంది. మొక్కజొన్న తిన్నన్నాళ్ళూ మార్సేలా ఊపిరి చెరకు పొగలో కలిసిపోయింది, కాటాకి కనబడలేదు. అన్నం తిన్న ఎనిమిది రోజులూ ఆవిడ ఊపిరిని కాటా రాతిబొగ్గు అనుకుంది. ఒక్క మనిషి ఊపిరి, నాలుగు పాయింట్లు.

మనుషులు లేని గదిలో, మొక్కజొన్న తినేవాళ్ళ మధ్య ఆ యంత్రాన్ని తయారుచేశారు. మనుషుల ఊపిరి లెక్కలోకి వస్తుందని వాళ్ళకి తట్టకపోవడంలో వింత లేదు. నాకు తట్టకపోవడమే వింత. మూడు పూటలా అన్నం తినేదాన్ని, ఆ జనంలో ఇరుక్కుని కూర్చుని నాలుక కాల్చుకున్నదాన్ని, ఆ దిమ్మని నా చేతులతో మోసుకొచ్చి నా చేతులతోనే తూచాను.

నూట ముప్పై ఏడులోంచి, ఊపిరి లేకపోయినా కాటా చూపించే ఆ ఒకటి తీసేసి నాలుగుతో భాగించాను. ముప్పై నాలుగు. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని మొదటి బస్సు ఎక్కాను.

బావ పాక బయట చెక్కబల్ల మీద కూర్చున్నాడు. తలుపు మీద సీలు. ఆరిన పొయ్యి మొహంలో పిల్లి పడుకునుంది. నన్ను చూసి లేచి వెళ్ళబోయాడు.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పి వెళ్ళు," అన్నాను. "నేను నమూనా తీసుకున్న రోజు పాకం ఆరేటప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఇప్పుడా లెక్కెందుకు నీకు?"

"చెప్పు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నేను కాళ్ళు పట్టుకుంటాననడం ఆయన ఎప్పుడూ విని ఉండడు. కూర్చున్నాడు. మొహం పక్కకి తిప్పుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ మొదలుపెట్టాడు. సింహాచలం, వాడి పెళ్ళాం, వాళ్ళ ముసలమ్మ. ఎర్రయ్య. పాలు పోసే దేముడమ్మ. పోస్టు ఇవ్వడానికొచ్చి కూలబడిపోయిన గుమస్తా. చేత్తో పెట్టినవాళ్ళని ఆయన మరిచిపోడు. ఎవరు పెద్ద ముక్క అడిగారో, ఎవరు ఇంటికి కొంచెం దాచుకున్నారో, అన్నీ చెప్పాడు.

"ముప్పై రెండు మంది. నాతో ముప్పై మూడు" అన్నాడు.

ఒకటి తక్కువ. కాగితం తీసి మళ్ళీ చూసుకుంటున్నాను.

"నిన్ను నువ్వు మరిసిపోనావేటే?" అన్నాడు బావ. "అందరికన్నా ముందల నీకే పెట్టినాను కదా. ముప్పై నాలుగు."

నేను ఆ బల్ల మీదే కూర్చుని ఏడ్చేశాను. నాకు ఏడవడం చేతకాదు, ముక్కుతో గోలగా ఏడుస్తాను. బావ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. అప్పుడు చెప్పాను మొత్తం. ఆయనకి కర్బనం బరువులు ఎంత అర్థమయ్యాయో తెలియదు గాని, ఒక్కటి మాత్రం పట్టుకున్నాడు.

"అంటే ఎంత మందికెడితే అంత దొంగతనమన్నమాట!"

"అంతే."

"నీ కాటా మండిపోను" అన్నాడు. రెండు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి తిట్టు అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కమిటీకి అదే రోజు రాశాను. మార్సేలా తన ఎనిమిది రోజుల డాక్టరు చీటీ కూడా జతచేసి పంపింది. వారానికి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. మీ వాదన బాగుంది, రుజువు కావాలి. అదే పొయ్యి, అదే పాక, పాత తేదీ ఉన్న దిమ్మ, జనం లేకుండా ఆరినది ఒకటి తూచి చూపించండి. కరిగించి మళ్ళీ పోసినవి చెల్లవు. సీలు వేసిన పొయ్యి వెలిగించడం కుదరదు. గడువు పది రోజులు. రుజువైతే నిందలన్నీ రద్దు చేస్తాం, సీళ్ళన్నీ తీయిస్తాం. అయితే యంత్రాన్ని మార్చడం ఇప్పట్లో అయ్యే పని కాదు. కాబట్టి ఇకమీదట పాకం పోసిన దగ్గర్నుంచి ఆరేదాకా పాకలో ఒక్క మనిషే ఉండాలి. తలుపు వేసి ఉంచాలి.

ఆఖరి రెండు వాక్యాలు నాలుగుసార్లు చదివాను. డైరెక్టరు గదిలోకి వెళ్ళి, ఇది వంటా, జైలా అని అరిచాను. ఆయన పాపం నా మాటే ఇంగ్లీషులో మర్యాదగా మార్చి కమిటీకి రాశాడు. ఏం కదల్లేదు.

బావకి కాగితం చదివి వినిపించాను. పాక తలుపు వంక చూస్తూ విన్నాడు.

"ఒక్కడినే ఉండాలా?"

"ఆరేదాకా. తర్వాత తలుపు తీసి బయట పెట్టుకోవచ్చు."

"సల్లారినాక ఎవులొస్తారే?" అన్నాడు. నిజమే. వేడి బెల్లానికి వచ్చే మనుషులు చల్లారిన బెల్లానికి రారు.

మళ్ళీ ఆయనే అన్నాడు, "రాకపోతే రాకపోనీ. టైర్ల సూరప్పడన్న పేరెట్టుకుని మాత్రం నాను సావను. మిగతావోళ్ళ పొయ్యిలూ ఎలగాల గదా. జనం నేకండా ఆరిన దిమ్మ కావాలన్నావు, ఏటి?"

"అలాంటిది ఎక్కడుంది బావా? నీ పాకలో జనం లేని రోజెప్పుడు?"

అడిగాక గుర్తొచ్చింది. ఆయనకి ముందే గుర్తొచ్చినట్టుంది, అప్పటికే లేచి ఇంట్లోకి నడుస్తున్నాడు.

కరోనా ఏడాది. కోసిన చెరకు ఎండిపోతోందని బావా అప్పా ఇద్దరే గానుగ ఆడించారు. దారులన్నీ మూసేశారు, పాకకి ఎవరూ రాలేదు. పిప్పి ఎగదోసేవాడు కూడా గోడ అవతలే ఉండి అటునుంచి అటే వెళ్ళిపోయేవాడు. పాకం దించినప్పుడల్లా అప్ప గుమ్మం వైపు చూసేదట. ఒకరోజు ఆవిడే ఒక దిమ్మ పోసి, "ఇది రానోళ్ళ వాటా, మళ్ళీ అందరూ ఒచ్చినప్పుడు పెడదాం" అని పక్కన పెట్టింది. పైన వేలితో తేదీ రాసింది. అందరూ మళ్ళీ వచ్చేసరికి కొత్త బెల్లం ఉంది, ఇది కుండలో ఉండిపోయింది. రెండేళ్ళకి అప్ప పోయింది. పాత బెల్లం దగ్గుకి మంచిదని ఎందరు అడిగినా బావ ఆ కుండ మూత తీయలేదు. దారులు మూసేసిన ఆ నలభై రోజులూ నేను నా క్వార్టరులో ఇరుక్కుపోయి ఉన్నాను. ఆ దిమ్మలో నేను లేను.

బావ కుండలోంచి దిమ్మ తీసి, అంటుకున్న వేపాకులు దులిపి నా ఒళ్ళో పెట్టాడు. పన్నెండేళ్ళకి నల్లగా, రాయిలా అయిపోయింది. అప్ప వేలు గీసిన తేదీ ఇంకా ఉంది. అంచు మీద ఆవిడ అరచేయి ఆనిన పల్లం ఉంది.

"ఇది పొడి చెయ్యాలి బావా. మిగలదు."

"తెల్సు."

"ఇంకోటి వెతుకుదాం. ఎవరి దగ్గరైనా ఉంటుందేమో."

"అందరి పాకల్లోనూ జనమే గదే. ఇదొక్కటే," అన్నాడు. "ఒక్క మాట. నువ్వు పొడి సేసేటప్పుడు నానుండాల."

మర్నాడు ఉదయం పది గంటలకి బావ ప్రయోగశాలకి వచ్చాడు. నేనక్కడ చేరి ఇరవై రెండేళ్ళు, ఆయన రావడం అదే మొదటిసారి. ఉతికిన పంచె కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, స్టూలు చివర కూర్చున్నాడు. అప్పన్న టీ తెస్తే పుచ్చుకుని తాగకుండా పక్కన పెట్టాడు. అటువైపు తెర మీద మార్సేలా ఉంది, సాక్షిగా. ఆవిడకి అది అర్ధరాత్రి దగ్గర పడే వేళ. మా ఇద్దరి మాటా ఆవిడకి అర్థం కాదు, ఊరికే చూస్తూ కూర్చుంది.

దిమ్మని గిన్నెలో పెట్టి మూత బిగించాను. లెక్క ఎంత రావాలో నాకు తెలుసు. ఒకటి కాటా సహజంగా చూపించేది, మనిషికి నాలుగు చొప్పున ఇద్దరికి ఎనిమిది. తొమ్మిది రావాలి. నలభై దాటితే బావ జీవితాంతం దొంగే, నేను సంతకం పెట్టిన ఆ కాగితమే మిగులుతుంది.

"ఆడించనా?" అని అడిగాను.

బావ తల ఊపాడు. అంతలోనే చెయ్యెత్తాడు. "ఉండు. లోపలి గాలి ఏటవుతాది?"

"యంత్రం తూస్తుంది."

"తూసినాక?"

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. "తూచాక పంపు బయటికి తోసేస్తుంది. అదిగో, ఆ గొట్టం. కిటికీలోంచి వెనక పెరట్లోకి."

బావ ఆ గొట్టం వంక చూశాడు. అది గోడ వెంట వెళ్ళి కిటికీ పక్క కన్నంలోంచి అవతలికి పోతుంది. లేచాడు. "నాను ఎల్లేదాకా ఆగు" అని చెప్పి, వసారా దాటి, భవనం చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళాడు. కిటికీలోంచి కనబడ్డాడు. ఉమ్మెత్త మొక్కలు తొక్కుకుంటూ వచ్చి, గొట్టం కింద నిలబడి, తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, నా వైపు చూసి తల ఊపాడు.

నేను మీట నొక్కాను. లోపల దిమ్మ పెళ్ళున పగిలి, తర్వాత గరగరమని పొడి అయింది. అప్ప గీసిన తేదీ, అరచేతి పల్లం, అన్నీ. తూకం అయ్యేదాకా మీట మీంచి వేలు తీయకూడదు, తీస్తే లెక్క చెల్లదు. నాకూ పరుగెత్తుకెళ్ళి ఆ గొట్టం కింద నిలబడాలని ఉంది. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి ఊపిరి అది. వేలు తీయలేదు.

పంపు గుర్రుమంది. బావ మొహం పైకెత్తాడు. కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు విప్పి, మెల్లగా, చాలా మెల్లగా లోపలికి పీల్చాడు. వదల్లేదు. వయసు మీదపడ్డ మనిషి, మెడ నరాలు పొంగాయి, అయినా వదల్లేదు. తెర అవతల మార్సేలా చేత్తో నోరు మూసుకుంది.

పంపు ఆగింది. అంకె వచ్చింది. ఆవిడా నేనూ ఒకేసారి సరే నొక్కాం.

బావ తిరిగి లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది. గుమ్మంలో నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గిన్నెలో మిగిలిన నల్లటి పొడి వంక చూశాడు, ముట్టుకోలేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

"తొమ్మిది."

"అంటే?"

"ఇద్దరు బావా. పాకలో ఇద్దరే ఉన్నారు."

"ఇద్దరమే ఉన్నామని నాను సెప్పినాను కదే" అన్నాడు.